చప్పట్లు కొట్టకూడని చోటు

పరీక్షలు అయిపోగానే నా ముందు జవాబు పత్రాల కట్టలు వచ్చి పడతాయి. ప్రశ్న ఏళ్ళ తరబడి అదే: విషాద నాయకుని పతనానికి కారణాలు వివరించండి. జవాబూ అదే. ‘నాయకుడు తన బలహీనత బయటపడుతుందని భయపడ్డాడు. ఆ భయమే అతన్ని పతనానికి నడిపించింది.’ గైడులో అలా ఉంది, పిల్లలు అలాగే దించుతారు. కొందరు ‘భయమే’ కింద స్కేలు పెట్టి గీత కూడా గీస్తారు. నేను మార్కులు వేసి పక్కన పెడతాను. జవాబు తప్పయితే ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి కాస్త కసి తీర్చుకుందును. తప్పు కాదు. అందుకే ఒళ్ళు మండుతుంది.

గోదావరిఖనిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతూ నా తల సగం నెరిసింది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు చేస్తే మా క్లాసు కిటికీలు గలగలమంటాయి. పిల్లలు తలెత్తరు, నేనూ పాఠం ఆపను. ఆ పిల్లల్లో చాలామంది బొగ్గుబాయి పనివాళ్ళ పిల్లలు. నాయకుడి భయం గురించి ఒకటిన్నర పేజీ రాసి ఇంటికి వెళ్తే, ఆ నాయకుడే మంచం మీద కూర్చుని దగ్గుకుంటూ, "నాకేమైంది, నేను మంచిగనే ఉన్న" అంటుంటాడు. ఈ ఇద్దరూ ఒకరేనని వాళ్ళకు తట్టదు. ఆ వయసులో నాకూ తట్టలేదు. నాకు తెలిసిన విషాద నాయకుడు మా బాపు, మా నాన్న.

ముందు ఒక నాటకం సంగతి చెప్పాలి. మా పక్క క్వార్టర్లో కాక ఉండేవాడు. వరసకు చిన్నాన్న అంతే, చుట్టరికం లేదు. బాపుకంటే చిన్నవాడు, కంపెనీ ఆఫీసులో క్లర్కు. ఆదివారం పొద్దున తెల్లచొక్కా వేసుకుని కుటుంబంతో చర్చికి వెళ్ళేవాడు, మధ్యాహ్నం లుంగీ కట్టుకుని నాటకాలు రాసేవాడు. అవన్నీ క్లబ్బు మైదానంలో ఒకసారి ఆడి అటకెక్కాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ నా చిన్నతనమంతా ఆడుతూనే ఉన్నారు.

అందులో ఒక కోట దొర ఉంటాడు. పెద్ద వీరుడు. కొన్నాళ్ళుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. ఆ సంగతి ఆయనకూ భార్యకూ తప్ప మూడో మనిషికి తెలియదు. యుద్ధం సాగి సాగి రెండు వైపులా జనం అలిసిపోయారు. చివరికి శత్రువే సంధికి వస్తాడు. ఆ సీమలో సంధికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు దొరలూ సభలో అందరి ముందూ నిండు గిన్నెడు పాలు చేతికి అందుకుని, చుక్క ఒలకకుండా తాగాలి. దొర గిన్నె వైపు చూస్తాడు, తన చేతి వైపు చూస్తాడు. ఒక్క ఉదుటున లేచి "సంధి లేదు!" అని గర్జిస్తాడు. ఆ తర్వాత కోట కూలుతుంది, కొడుకు చస్తాడు, ఆఖరున ఆయనా చస్తాడు. పాలు ఒలికితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. నలుగురూ చూసేవాళ్ళు, అంతే.

దొర వేషం బాపుది. ఆరడుగుల మనిషి, మైకు అక్కరలేని గొంతు. చదువు నాలుగో తరగతితో ఆగింది. పేపరు చదవమంటే అక్షరాలు కూడబలుక్కునేవాడు. కానీ చెవిన ఒకసారి పడితే చాలు, ఇక మరిచిపోయేవాడు కాదు. డ్యూటీ నుంచి వచ్చి, గడప ముందు కూర్చుని కాళ్ళకు నూనె రాసుకుంటుంటే కాక పక్కన నిలబడి నాటకం చదివేవాడు. మర్నాడు సాయంత్రానికి బాపుకు తన డైలాగులతో పాటు మిగతావాళ్ళవీ వచ్చేసేవి. వేరేవాళ్ళు మరిచిపోతే సింహాసనం మీంచే అందించేవాడు.

"సంధి లేదు!" అనగానే మైదానం దద్దరిల్లిపోయేది. షిఫ్టు దిగి వచ్చిన కార్మికులు ఈలలు వేసేవాళ్ళు, తువ్వాళ్ళు ఎగరేసేవాళ్ళు. కాక మాత్రం తెర పక్కన నిలబడి తల కొట్టుకునేవాడు.

"ఓరి మీ పాడుగాను! గాడ సప్పట్లు కొడ్తరేందిరా? దొర గాడ్నే సచ్చిండు. ఆఖరు సీన్ల సచ్చేది ఉత్త పెయ్యి, పానం గాదు."

బాపు రంగు కడుక్కుంటూ నవ్వేవాడు. "జనం ఏడ కొడ్తె నాటకం ఆడ ఉంటది తమ్మీ. నువ్వు రాసినకాడ ఉండది."

నేను కూడా అక్కడే చప్పట్లు కొట్టేదాన్ని. ఎర్ర శాలువా కప్పుకుని, కళ్ళెర్రజేసి నిలబడిన మా బాపును చూస్తే కొట్టకుండా ఎవరుంటారు?

ఇంట్లో కూడా దొరే. జ్వరం వస్తే చెప్పడు. బాయిలో బొగ్గు నింపే టబ్బు తగిలి కాలిగోరు ఊడిపోతే, బూటు నిండా నెత్తురుతో ఇంటిదాకా నడిచి వచ్చి, అవ్వ బూటు విప్పితే తప్ప మాకు తెలియలేదు. మా ఇళ్ళలో తల్లిని అవ్వ అంటాం. "నొప్పయితె నొప్పి అనరాదా, నీ నోట్ల ముత్యాలు రాలుతయా?" అని తిట్టుకుంటూ అవ్వ కడిగింది. ఆయన పళ్ళు బిగించి గోడ వైపు చూశాడు.

ఇదంతా ఉత్త మగపొగరు అని నేను చాలాకాలం అనుకున్నాను. పెద్దయ్యాక ఒకరోజు ఆయనే చెప్పాడు. బాయిలో చేరిన కొత్తలో బొగ్గు నింపేవాళ్ళంతా జట్లు జట్లుగా దిగేవాళ్ళట. ఎన్ని టబ్బులు నింపితే జట్టుకంతా అంత కూలి. అందువల్ల జట్టులో ఒకడు డీలా పడితే అందరికీ దెబ్బ. అలాంటివాణ్ణి ఎవరూ తిట్టరు, పొమ్మనరు. పొద్దున జట్టు కట్టే వేళకు అందరూ జతలు జతలుగా నిలబడతారు, వాడి పక్కన మాత్రం ఎవరూ నిలబడరు. "గంతే బిడ్డా. మాట గూడ అనరు. ఒక్కడే నిలవడి ఉంటడు, చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వక" అన్నాడు బాపు. ఆ నిలబడ్డవాడు ఎవరో నేను అడగలేదు. ఆయన గొంతును బట్టి, ఒకటి రెండు పొద్దులైనా అలా నిలబడ్డాడనే అనుకుంటున్నాను.

కాబట్టి పిల్లలు రాసే ఆ ఒక్క వాక్యం వెనక ఇంత ఉంటుంది. కథలో నాయకుడికి భయం ఎక్కడినుంచో ఊడిపడదు. ఎప్పుడో ఒక పొద్దున ఒంటరిగా నిలబడి ఉంటాడు. ఇక జీవితమంతా అక్కడ మళ్ళీ నిలబడకుండా ఉండటానికే సరిపోతుంది. గైడులో ఇది ఉండదు. రాసినా దీనికి వేరే మార్కులు ఉండవు.

బాపు యాభై దాటాక కళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి. మాకు మొదట తెలిసింది బల్బుల వల్ల. "గీ బల్బులల్ల ఎలుగే లేకుంటైంది" అని కొత్తవి తెచ్చాడు. కొన్నాళ్ళకు ఇంకా పెద్దవి తెచ్చాడు. మా రెండు గదుల క్వార్టరు పెళ్ళి పందిరిలా వెలిగిపోయేది. అంత వెలుగులోనూ ఆయన నీళ్ళు గ్లాసు పక్కన పోసేవాడు. కూరలో ఎండుమిరపకాయను టమాట ముక్క అనుకుని నమిలి, అందరం చూస్తున్నామని మింగేశాడు. బతిమాలి బామాలి కరీంనగర్ తీసుకెళ్తే అక్కడి కంటి డాక్టరు, నరం ఎండిపోతోంది, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోండి అన్నాడు. తిరుగు ప్రయాణంలో బాపు నాతో అన్నది ఒక్కటే మాట: "బాయిల ఎవ్వలకు తెల్వద్దు."

తెలియకుండా ఎలా ఉంటుంది? తోటివాళ్ళకు ఎప్పుడో తెలుసు. నీళ్ళు తోడే పంపు దగ్గర కూర్చునే పని ఇప్పించారు. దిగేటప్పుడు ఒకడు ముందు నడిచేవాడు, బాపు మాటల్లో పడినట్టు వాడి భుజం మీద చెయ్యి వేసేవాడు. వాళ్ళకు తెలుసని బాపుకు తెలుసు. ఎవరూ పైకి అనలేదు కాబట్టి అది లేనట్టే.

మా ప్రాంతంలో బలహీనతకు ఒక విలువ ఉంది. ఇది బయటివాళ్ళకు చెబితే వింతగా చూస్తారు. బాయి మనిషి ఇక పనికి చాలడని మెడికల్ బోర్డు తేల్చి అన్‌ఫిట్ చేస్తే, ఆ నౌకరి కొడుక్కు వస్తుంది. అందుకని మిగతా లోకంలో మగవాళ్ళు పొట్ట లోపలికి పీల్చి ఛాతీ విరుచుకుంటే, మా దగ్గర యాభై దాటినవాళ్ళు దగ్గు నేర్చుకుంటారు. అబద్ధపు రోగులు ఎంతమందో, అసలు రోగులు ఎంతమందో ఆ దేవుడికే తెలియాలి.

మా తమ్ముడు ఐటీఐ చేసి, ఒక కాంట్రాక్టరు దగ్గర టిప్పర్ల మీద పనిచేస్తూ ఎదురుచూస్తున్నాడు. వాడి వయసు గడువుకు దగ్గరపడుతోంది. బాపు సర్వీసూ చివరికి వస్తోంది. ఈసారి బోర్డు ముందుకు పోకపోతే ఆ తలుపు మూసుకుపోయినట్టే. బాపుకు నటించాల్సిన పని కూడా లేదు, రోగం నిజమైనదే. ఎంత అదృష్టమో చూడండి. అయినా అవ్వ అడిగినప్పుడల్లా బాపు లేచి బయటికి పోయేవాడు. ఒకనాడు అవ్వ గడపకు అడ్డంగా కూర్చుంది.

"పోయిన కండ్లు ఎట్లైనా రావు. గా పోయిన కండ్లన్న పిల్లగానికి బువ్వ పెట్టనియ్యి" అంది.

అన్నం కలుపుతున్న తమ్ముడి చెయ్యి అలాగే ఆగిపోయింది. బాపు వాడి వైపు, అంటే వాడు కూర్చున్నాడనుకున్న వైపు చూసి, "సరే, పోత" అన్నాడు. ఆ క్షణంలో ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడని నేను ఇప్పటికీ నమ్ముతాను.

ఇక మా క్వార్టర్ల లైనంతా సలహాలే. గడ్డం గీక్కోవద్దన్నారు. పాత అంగీ వేసుకోమన్నారు. పేరు అడిగినా కాసేపు ఆగి చెప్పమన్నారు. కాక వచ్చి మంచం మీద కూర్చున్నాడు. దర్శకుడు కదా, ఊరుకుంటాడా?

"అన్నా, జిందగిల మొదటిసారి నీకు యాక్టింగ్ లేని వేషం దొరికింది. నువ్వేం చెయ్యకు. అచ్చరాల అట్ట సూపించి సదువుమంటరు. కనవడ్తలేదు సార్ అను. గదే డైలాగు. ఏదీ, ఒకసారి అను."

బాపు గొంతు సవరించుకుని, "కనవడ్తలేదు సార్!" అన్నాడు. గోడ అవతలి వాళ్ళు కూడా ఉలిక్కిపడ్డారు. అచ్చం దొర సభలో గర్జించినట్టే ఉంది. అందరం నవ్వాం. "గట్ల కాదే, మెల్లగ" అన్నాడు కాక. మెల్లగా అనమంటే ‘కనవడ్త...’ దగ్గరే ఆగిపోయాడు. పెద్ద పెద్ద సమాసాలు గుక్క తిప్పుకోకుండా చెప్పే మనిషికి ఆ రెండు మాటలు రాలేదు. కాక చాలాసేపు తంటాలు పడి, "అయితదిలే, ఫికర్ చెయ్యకు" అని లేచాడు. ఆయన ముఖం చూస్తే ఫికర్ అంతా ఆయనకే ఉంది.

బోర్డుకు తోడుగా నేనూ తమ్ముడూ వెళ్ళాం. బాపు పొద్దున్నే తడుముకుంటూ గడ్డం గీసుకున్నాడు. చెంప మీద రెండు చోట్ల తెగింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అవ్వ చూసి నోరు తెరవబోయి, వెళ్తున్నాడు కదా అదే పదివేలు అనుకున్నట్టు ఊరుకుంది.

ఆ దవాఖాన వరండాలో రెండు వరసలు ఉన్నాయి. ఒక వరసలో మాసిన గడ్డాలతో, చేతికర్రలతో తండ్రులు. అన్‌ఫిట్ కావడానికి వచ్చినవాళ్ళు. రెండో వరసలో దువ్విన తలలతో, కొత్త బూట్లతో కుర్రవాళ్ళు. తండ్రి నౌకరి ఖాయమై, చేరేముందు ఫిట్ అనిపించుకోవడానికి వచ్చినవాళ్ళు. రెండు వరసలకూ కళ్ళ పరీక్ష ఒకే గదిలో. గోడకు అక్షరాల అట్ట, పక్కనే చిలక్కొయ్యకు డాక్టరు కోటు. తలుపు తీసే ఉంది. కుర్రవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు పై నుంచి కింది దాకా గట్టిగా చదివేసి బయటికి వస్తున్నారు. తండ్రులు వెళ్ళి, మొదటి పెద్ద అక్షరం దగ్గరే ఆగిపోయి, లోపలి గదిలో మిషను పరీక్షకు వెళ్తున్నారు. అట్ట చదవలేనివాళ్ళనే ఆ లోపలికి పంపుతారు.

బాపు తండ్రుల వరసలో నిలబడ్డాడు. కుర్రవాళ్ళ వరసలోంచి ఒకడు బెంచీ మీద జాగా చూపించి, "తాతా, గీడ కూసో, పడ్తవు" అన్నాడు. మంచితనంతోనే అన్నాడు. బాపు కూర్చోలేదు. వీపు నిటారుగా చేశాడు. కాసేపటికి ఆయన పెదవులు కదలడం చూశాను. పాపం, దేవుణ్ణి తలుచుకుంటున్నాడు అనుకున్నాను. ఆయన ఎన్నడూ దేవుణ్ణి తలుచుకున్న మనిషి కాదు. అయినా నాకు తట్టలేదు.

ఆయన వంతు వచ్చింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. డాక్టరు తల వంచుకుని రాసుకుంటూ "చదవండి" అన్నాడు. బాపు చదివాడు. పెద్ద అక్షరం నుంచి మొదలుపెట్టి, వరస వెంట వరస, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, అట్టడుగున ఉన్న చీమ తలకాయంత అక్షరాల దాకా, గంట కొట్టినట్టు చదివాడు. ఆయన చూపు అట్ట మీద లేదు. పక్కన వేలాడుతున్న కోటు మీద ఉంది. కోటును చూస్తూ, కొడుకుల వరసలోంచి విన్న పాఠాన్ని కొడుకులా అప్పజెప్పాడు.

వరండాలోని కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు. "తాత ఇరగదీసిండు" అన్నారెవరో. వెటకారం కాదు, నిజంగానే ముచ్చటపడ్డారు.

నేను ఆగలేకపోయాను. లోపలికి వెళ్ళి, "సార్, ఆయనకు కనబడదు. విని చెప్పారు. మిషనుతో చూడండి" అన్నాను. డాక్టరు తలెత్తాడు. పెద్ద వయసు, అలసిపోయిన ముఖం. "ఏమండీ, అమ్మాయి ఏదో అంటోంది?" అని బాపును అడిగాడు.

బాపు నా వైపు తిరగలేదు. "కొడుక్కు నౌకరి రావాలెనని బిడ్డ గట్లంటది సార్. ఆడిపిల్ల, తమ్ముని మీద పానం. నాకు మంచిగ కనవడ్తది."

డాక్టరు నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. "అమ్మా, ఈ గదిలో రోజంతా కళ్ళు కనబడవు అనేవాళ్ళనే చూస్తాను. బయటికి వెళ్ళగానే వాళ్ళలో కొందరు దూరం నుంచే బస్సు బోర్డు చదువుకుని ఎక్కుతారు. ఇవాళ నిజం చెప్పింది మీ నాన్నగారొక్కరే" అని లేచి చెయ్యి చాపాడు. బాపు చెయ్యి కొంచెం పక్కకు, గాలిలోకి వెళ్ళింది. డాక్టరే అందుకుని ఊపాడు.

ఊరంతా అబద్ధం చెప్పే చోట నిజాన్ని ఏ గొంతుతో చెప్పాలి? నిజమూ అచ్చం వాళ్ళ అబద్ధంలాగే వినిపించింది.

బయట తమ్ముడు గోడకు ఆనుకుని ఉన్నాడు. అంతా విన్నాడు. "పోదాం పా అక్కా, బస్సు పోతది" అన్నాడు, అంతే. బస్టాండులో బాపు మాకు మిరపకాయ బజ్జీలు కొనిచ్చాడు. హుషారుగా ఉన్నాడు. బస్సు కదిలాక, ఎవరూ అడగకుండానే, "బాయిల అందరికి చీకటే బిడ్డా. ఆడ నేనేం తక్కువ గాదు" అన్నాడు. నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కిటికీలోంచి దూకి పోవాలనిపించింది. అదే సమయంలో ఆయన చెంప మీద తెగిన చోట ఎండిన నెత్తురు చూసి ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏమీ చెయ్యలేదు. బజ్జీ తిన్నాను.

అవ్వ అరుస్తుందనుకున్నాం. అరవలేదు. స్టూలు వేసుకుని, ఇంట్లోని పెద్ద బల్బులన్నీ ఒకటొకటే విప్పి, పాత చిన్న బల్బులు పెట్టింది. "కనవడ్తదంట గద" అంది. ఆ తర్వాత ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కాక మాత్రం మర్నాడు గోడ పక్కకు వచ్చి అడిగాడు. చెప్పాను. అంతా విని, "ఎవలన్న సప్పట్లు కొట్టిండ్రా?" అన్నాడు. కొట్టారన్నాను. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ నాటకం రాసినట్టు నాకు గుర్తు లేదు.

బాపు చివరి రోజు దాకా డ్యూటీ చేశాడు. రిటైరైన నాడు దండలు వేసి, డప్పులతో ఇంటికి తీసుకొచ్చారు. తమ్ముడి వయసు గడువు దాటింది. క్వార్టరు ఖాళీ చేసి అద్దె ఇంటికి మారాం. తమ్ముడు ఇప్పుడు బసంత్‌నగర్ వైపు సిమెంటు లోడింగులో కాంట్రాక్టు కింద పనిచేస్తున్నాడు. పొద్దున బస్సుకు పోయి, తల నిండా బూడిదరంగు దుమ్ముతో వస్తాడు. మనిషి పెద్దగా మాట్లాడడు. బాపుతో పోట్లాడిందీ లేదు. పోట్లాడి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది.

కథల్లో నాయకుడు చచ్చిపోతాడు. అది రాసేవాళ్ళకు ఎంత సుఖమో! తెర పడుతుంది, ప్రేక్షకులు కళ్ళు తుడుచుకుని ఇంటికి పోతారు. మా ఇంట్లో నాయకుడు పొద్దున్నే చాయ్ అడుగుతాడు. బాత్రూముకు దారి చూపించాలి, అంగీ గుండీలు పెట్టాలి. చూపు మొత్తం పోయింది. అయినా మొన్నమొన్నటి దాకా గడప దగ్గర చెయ్యి పట్టుకోబోతే విదిలించేవాడు. పతనం అన్న మాట పుస్తకంలో ఒక్కసారి పడిపోయినట్టు ఉంటుంది. నేను చూసిన పతనం రోజూ కొంచెం కొంచెం జరుగుతుంది, దాని బరువు పక్కవాళ్ళు మోస్తారు. ఇది క్లాసులో చెప్పాలని ప్రతిసారీ అనుకుంటాను. బెల్లు కొడతారు, మానేస్తాను.

పోయిన నెల బాపుకు కుడికన్ను విపరీతంగా నొప్పి చేసింది. మళ్ళీ కరీంనగర్ తీసుకెళ్ళాం. తమ్ముడు డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. దుమ్ము బట్టలతోనే లోపలికి వచ్చి, బాపుకు ఎడమవైపు స్టూలు మీద కూర్చున్నాడు. నేను వెనక నిలబడ్డాను. కొత్త డాక్టరు, చిన్నమ్మాయి. మా సంగతేమీ తెలియదు. "తాతా, ఎదురుగా బోర్డు ఉంది. ఏమైనా కనిపిస్తే చదవండి" అంది.

బాపు వీపు నిటారుగా అయింది. గొంతు సవరించుకున్నాడు. మొదలుపెట్టాడు. అవే అక్షరాలు, అదే వరస, అదే గంట గొంతు. ఇన్నేళ్ళయినా ఒక్కటి పోలేదు. డాక్టరమ్మ ఒకసారి అట్ట వైపు, ఒకసారి ఆయన కళ్ళ వైపు చూసి అయోమయంలో పడింది. ఈ అట్ట మీద వేరే అక్షరాలు ఉన్నాయి.

అప్పుడు తమ్ముడు దగ్గాడు. సిమెంటు దగ్గు, వాడికి మామూలే. ఆ ఇరుకు గదిలో అది గోడలకు తగిలి మోగింది. బాపు ఆగిపోయాడు. మూడో వరస మధ్యలో, ఎన్నడూ మాట మరిచిపోని మనిషి ఆగిపోయాడు. ఒళ్ళో చేతులు ఏం చేసుకోవాలో తెలియనట్టు అటూ ఇటూ కదిలాయి.

"కనవడ్తలేదు సార్" అన్నాడు. కాక అంత తంటాలు పడినా రానంత మెల్లగా, మామూలు ముసలివాడి గొంతుతో అన్నాడు. ఎదుట ఉన్నది ఆడమనిషి అన్న సంగతి కూడా మరిచిపోయాడు.

"ఎన్నాళ్ళ నుంచి తాతా?" అంది ఆ అమ్మాయి.

బాపు కుడివైపు తిరిగాడు. అక్కడ ఖాళీ గోడ ఉంది. ఆ గోడతో, "అప్పుడు గూడ కనవడలే కొడుకా" అన్నాడు.

తమ్ముడు చప్పుడు చెయ్యకుండా స్టూలు మీంచి లేచాడు. బాపు వెనకగా నడిచి వెళ్ళి, ఆయన చూస్తున్న చోట నిలబడి, "ఎరికే బాపూ" అన్నాడు.